అత్త వంతు

పెళ్ళాం నళిని జుట్టు పట్టుకొని తలను గోడకేసి బాదబోయాడు మునిరాజు. అతని తల్లి ఆదెమ్మ ఎప్పటిలాగే మధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది. ఈసారి ఆ చెయ్యి పటుక్కుమని విరిగింది.

"అడ్డం రావద్దని చెప్పినా కదమా," అన్నాడు వాడు, తప్పంతా తల్లిదే అన్నట్టు. మందు సీసా ఖాళీ అయింది. ఇంకోటి తెచ్చుకోవడానికి, బయట గొళ్ళెం పెట్టి మరీ బొమ్మనహళ్ళి మెయిన్ రోడ్డుకు పోయాడు. ఎంత ముందుచూపో వెధవకి.

నళిని చున్నీ చింపి అత్త కుడిచేతికి కట్టు కట్టింది. ఇన్నేళ్ళూ దెబ్బలు ఇద్దరూ సగం సగం పంచుకున్నారు కాబట్టే ఇద్దరూ బతికున్నారు. ఇవాళ్టి నుంచి అత్త వంతు కూడా తన ఒంటి మీదే.

"ఎందుకట్ల వణకతాండావు?" అంది ఆదెమ్మ.

"మా కుందలహళ్ళి ఆఫీసులో ఒక్కో కంప్యూటరుకు రెండు ఫ్యాన్లు పెడతారత్తా. అవి ఎన్నాళ్ళు తిరగతాయో లెక్క కట్టేదే నా పని. రెండూ ఉంటే వేడి పంచుకొని బాగానే తిరగతాయి. ఒకటి పోయిందంటే వేడంతా రెండోదాని మీద పడతాది. ఇంక అది కూడా ఎక్కువ రోజులు ఉండదు."

"కొత్త ఫ్యాను తెచ్చి పెట్టొచ్చు కదా."

"నీ కొడుక్కి ఇంకో పెళ్ళాన్ని తెస్తావా?"

ఆదెమ్మ నవ్వబోయి నొప్పికి మూలిగింది.

గొళ్ళెం తీసిన చప్పుడైంది. మునిరాజు బెల్టు పిడికిలికి చుట్టుకుంటూ లోపలికి వచ్చాడు. ఆదెమ్మ లేచి పక్కకు తప్పుకుంది.

"ఇంక నాచేత కాదు నాయనా. నీ పెళ్ళాం, నీ ఇష్టం."

అని వీధి తలుపు దగ్గరికి పోయి, దాన్ని మూసి లోపలి గడియ కూడా వేసింది.

 ఇన్నాళ్ళు తోడున్న మనిషి ఇంత పని చేస్తుందా అని నళినికి ఏడుపు తన్నుకొచ్చింది.

"చూసినావా, మాయమ్మ నా పక్కే," అని పళ్ళికిలించాడు మునిరాజు. బెల్టు బకిల్ ఆమె నుదుటిని చీల్చింది. మరో దెబ్బకు పెదవి పగిలింది. కింద పడేసి గొంతు మీద మోకాలు మోపాడు. ఆమె కళ్ళు బైర్లు కమ్మాయి.

ఉన్నట్టుండి వాడు "అబ్బా" అని పక్కకు ఒరిగాడు. తల పట్టుకున్న వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. అయినా లేవాలని చూస్తున్నాడు.

వెనకాల ఆదెమ్మ, ఎడమచేత్తో రోకలి పట్టుకొని రొప్పుతోంది.

"ఒంటి చేతికి బరువుగా ఉండాది పాపా," అంది. "నువ్వూ ఒక చెయ్యి పట్టు."