ఆరు సూతుల రాడ్డు

"ఊదు" అన్నాడు రామ్మోహనరావు, ముఖం దగ్గరగా పెట్టి.

డ్రైవర్ బుచ్చిరాములు నోరు తెరిచి ఊదాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గరున్న వాచ్‌మన్ చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"వాసనేం లేదమ్మా" అన్నాడు రామ్మోహనరావు కారు వైపు తిరిగి.

"ఏలకులు నమిలుంటాడు" అంది కారు వెనక సీట్లోంచి రామ్మోహనరావు తల్లి కౌసల్యమ్మ. కణతకు తడిగుడ్డ అద్దుకుంటోంది. "హబ్సిగూడ మలుపులో నా తల వెళ్ళి అద్దానికి ఠంగుమని కొట్టుకుంది. ఈ నెలలో ఇది మూడోసారి. తాగనివాడు అలా నడుపుతాడురా?"

"నేను ముట్టనమ్మా. ఎవ్వర్నన్న అడుగున్రి."

"మరి ఎందుకలా తూలుతోంది?"

బుచ్చిరాములు కుడి కన్ను నులుముకున్నాడు. "బండి తూలుతున్నదమ్మా. జంపింగ్ రాడ్డు పనికిరాకుంట అయింది సార్. మలుపుల బండి ఒక దిక్కు ఒరగకుంట పట్టేది గదే. దాని రబ్బర్లు గూడ అరిగినయ్."

రామ్మోహనరావు బి.ఇ. చదివి, నాచారంలో సొంతంగా ఈ ఫ్యాక్టరీ పెట్టుకున్న మనిషి. ఇస్త్రీ చొక్కాతోనే ఆ పాత ఫియట్ కిందికి తల పెట్టి చూశాడు. రబ్బర్లు నిజంగానే అరిగి ఉన్నాయి. చేత్తో ఊపితే రాడ్డు కదిలింది. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"యంత్రానిది తప్పయితే బాగుచేద్దాం. మనిషిది తప్పయితే మాత్రం పెట్టుకోను. శనివారం అమ్మ ఇదే కార్లో కూర్చుంటుంది. అప్పుడూ ఇలాగే ఉంటే తాళాలిచ్చి వెళ్ళిపో. గది కూడా ఖాళీ చెయ్యాలి."

గది అంటే ఫ్యాక్టరీ వెనకున్న రేకుల గది. అందులో బుచ్చిరాములు, భార్య ఉప్పలమ్మ, ఇంటర్ చదివే కూతురు సారలమ్మ ఉంటారు. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటింది ఆ పిల్ల ఒక్కతే. పరీక్షలకు ఇంకా రెండు నెలలుంది. ఉద్యోగం పోతే ముగ్గురూ మళ్ళీ ఊళ్ళో కూలికి పోవాల్సిందే.

వెనక వీధిలో లేత్ మిషన్ నడిపే రాజయ్య పాత రాడ్డును కొలిచాడు.

"అయిదు సూతులున్నది బావా. ఇంచుల ఎనిమిదో వంతు ఒక సూతు. నేను ఆరు సూతులది జేస్త. ఒక్క సూతు లావైతె గట్టితనం రెండింతలైతది."

"ఏడు జెయ్యరాదు?"

"ఏడు జేస్తె గుంతల పడ్డప్పుడల్ల ముసలామె పండ్లు రాల్తయ్. ఏంది బావా, గంత భయం? ఏమన్న విమానం నడుపుతున్నవా?"

"జర నవ్వకు. పిల్ల సదువు దీని మీదున్నది."

రాజయ్య ఇక నవ్వలేదు. స్ప్రింగు స్టీలు కడ్డీని ఎర్రగా కాల్చి, పాతదాన్ని పక్కన పెట్టుకుని అదే వంపు తెచ్చి, నూనెలో ముంచాడు. బుస్సుమని పొగ లేచింది. చల్లారాక బుచ్చిరాములు దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి చూశాడు.

"రబ్బర్లు గూడ కొత్తయేసి, బోల్టులు నువ్వే బిగియ్యి."

"ఏం, డ్రైవర్ సాబ్ చేతులు నల్లగైతయా?" అని తిట్టుకుంటూనే రాజయ్య కారు కిందికి దూరాడు.

శనివారం మధ్యాహ్నం కౌసల్యమ్మ వెనక సీటు మధ్యలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నేనేమీ పట్టుకోను. ఇవాళ తల ఎక్కడైనా తగిలిందో, అక్కడే దిగి బస్సెక్కుతా."

ముందు సీట్లో రామ్మోహనరావు కూర్చున్నాడు. ఉప్పల్ దాకా వెళ్ళారు. చౌరస్తాలో వెనక్కి తిప్పుకున్నారు. హబ్సిగూడ దగ్గరపడేసరికి బుచ్చిరాములు చొక్కా వీపుకు అంటుకుపోయింది. అక్కడ కుడికి తిరిగితేనే నాచారం. అప్పుడే షిఫ్టు వదిలారు. రోడ్డు నిండా సైకిళ్ళే.

తల పూర్తిగా కుడికి తిప్పి చూసుకుని స్టీరింగు తిప్పాడు. సగం మలుపులో ఒక సైకిలు బానెట్ ముందుకొచ్చేసింది. ఎడమకు లాగాడు. మళ్ళీ కుడికి కొట్టాడు. టైర్లు కీచుమన్నాయి.

"తాగి నడుపుతున్నవా రా?" సైకిలువాడి కేక.

రామ్మోహనరావు డాష్‌బోర్డు పట్టుకుని వెనక్కి తిరిగాడు. బుచ్చిరాములు అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాడు.

కౌసల్యమ్మ కూర్చున్నచోటే కూర్చుని ఉంది. పైట సర్దుకుంది.

"వాడి తాగుడు సంగతి వాడు చూసుకోడు గానీ! రోడ్డు వాడి బాబుదనుకున్నాడు. పోనీ నువ్వు."

"తల తగల్లేదా అమ్మా?"

"తగిలితే చెప్పనట్రా? పల్లకీలో కూర్చున్నట్టుంది."

గేటు ముందు కారు ఆగింది. రామ్మోహనరావు దిగి బుచ్చిరాములు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరికే అనుమానించాను. మనసులో పెట్టుకోకు."

"అయ్యో, అంత మాటెందుకు సార్."

"ఒరే, సోమవారం నుంచి ఆ బడి రిక్షావాణ్ణి మాన్పించెయ్" అంది కౌసల్యమ్మ. "నీ పిల్లలిద్దర్నీ బడికి బుచ్చిరాములే దింపుతాడు. వేళకి వచ్చెయ్యవయ్యా."

"అట్లనే అమ్మా" అన్నాడు.

వాళ్ళు లోపలికి వెళ్ళేదాకా నిలబడి, మళ్ళీ కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని గేటు వైపు చూశాడు.

నిన్న మసగ్గానైనా కనబడిన గేటు ఇవాళ కుడి కంటికి అసలు కనబడలేదు.