చెరో సగం

పాలగిన్నె అడుగు మాడింది. కుళాయి సన్నగా వదిలి ఆమె పీచుతో రుద్దుతోంది.

కింది వాటాలోంచి టైలరమ్మ మెట్లెక్కి వచ్చింది. మెడలో టేపు కూడా తీయకుండా వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఆ సినిమా నిన్న చూశాం వదినా. ఫస్టాఫ్ పర్లేదు. సెకండాఫ్ అంతా మా ఆయన గురక, వెనక సీట్లవాళ్ల ఏడుపు. నాకైతే డైలాగులే వినపడలేదు."

"ఇంతకీ బాగుందా, లేదా?"

"హీరోయిన్ జాకెట్లు బాగా కుట్టారు. కథంటావా, చివర్లో ఆ అమ్మాయి..."

"చెప్పకు వదినా! సెకండాఫ్ నాది."

టైలరమ్మ నాలిక్కరుచుకుంది.

సినిమాహాలు వీధి చివరే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆటకు వాళ్లు ఒకే టికెట్టు తీసుకుంటారు. ఇంటర్వెల్ దాకా ఆయన చూస్తాడు. లైట్లు వెలగగానే గబగబా ఇంటికొస్తాడు. మిగతాది ఆమె వెళ్లి చూస్తుంది. గేటు దగ్గరి పెద్దాయన ఏనాడూ అడ్డం చెప్పలేదు.

అది పాప కోసం చేసుకున్న ఏర్పాటు. పుట్టిన దగ్గర్నుంచి మంచం మీదే పెరిగిన పిల్ల. పక్కకు ఒత్తిగిలాలన్నా ఇంకొకరి చెయ్యి కావాలి. అలాంటి పిల్లను వదిలి ఇద్దరూ ఒకేసారి గడప ఎలా దాటుతారు?

మంచం పక్కన కూర్చుని ఆయన మొదటి సగం చెప్పేవాడు. హాలు నుంచి వచ్చి ఆమె రెండో సగం చెప్పేది. ఫైట్లు ఆయన చేతులూపుతూ చెబుతుంటే పాప కళ్లింత చేసుకునేది. ఏ సినిమా ఎలా ముగిసిందో ఆయన కళ్లారా చూడలేదు. ఏది ఎలా మొదలైందో ఆమె చూడలేదు. ఆ ఇంట్లో సినిమా మొత్తం దక్కేది పాపకొక్కదానికే.

"మీ ఇద్దర్నీ కలిపితే ఒక ప్రేక్షకుడు," అని నవ్వబోయి, టైలరమ్మ లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది. "ఒక్కసారైనా కలిసి వెళ్లండి వదినా. ఇల్లు నేను చూసుకుంటాగా. అన్నయ్యను అడుగు."

"ఆయన ఒప్పుకోరు."

"అడిగావా?"

అడగలేదు. వారమంతా ఆ మాట ఆమె నోట్లోనే నానుతోంది. ఈమధ్య ఆయన పలకడమే తగ్గిపోయింది. పనికి వెళ్తాడు, గోడలకు రంగులేసి వస్తాడు, తింటాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. పెళ్లయిన కొత్తలో అయితే పక్క సీట్లో కూర్చుని, పాటొస్తే ఆమె వేళ్ల మీద తాళం వేసేవాడు. ఆ చీకట్లో ఆయన పక్కన ఒక్కసారి కూర్చోగలిగితే చాలు, మళ్లీ మనిషి దొరుకుతాడని ఆమె ఆశ.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. "అన్నయ్య వచ్చాడు. ఈరోజు అడగకపోతే నీ జాకెట్టు బిగుతుగా కుడతా," అని చెవిలో బెదిరించి టైలరమ్మ కిందికి దిగిపోయింది.

ఆయన చెమట తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. సగం చింపిన టికెట్టు గట్టు మీద పెట్టాడు.

"హీరో గడియారాలు బాగుచేస్తాడు. ఒకమ్మాయి వారం వారం ఒకే గడియారం పట్టుకొస్తుంది. అది బానే నడుస్తుంటుంది. అయినా వీడు విప్పి, తుడిచి, మళ్లీ బిగించి ఇస్తాడు."

"పిచ్చోడా?"

"కాదు. వారం తర్వాత మళ్లీ రావాలిగా ఆ పిల్ల!" ఆయన మొహంలో చిన్న వెలుగు కదిలింది. ఆమె పీచు పక్కన పెట్టి అలాగే చూసింది. "ఒక వారం రాలేదు. వీడు కొట్టు మూయకుండా కూర్చుంటాడు. అక్కడ ఇంటర్వెల్."

"ఎందుకు రాలేదో?"

"అది నీ సగంలో ఉంటుంది."

ఇదే అదను అనుకుంది. చీర చెంగుకు చేతులు తుడుచుకుంది.

"ఏవండీ, మిగతాది ఇద్దరం వెళ్లి చూద్దామా? పెద్దాయన కాదనడు. టైలరమ్మ ఇల్లు చూస్తానంది."

ఆయన మొహంలో వెలుగు ఆరిపోయింది. లోపలి గది వైపు చూశాడు.

"ఇద్దరం ఎలా వెళ్తాం?"

"ఒక్క గంట. అంతేగా?"

"ఒక్క గంటే. అయినా..." ఆయన మాట వెతుక్కున్నాడు. "ఇద్దరం చూసేస్తే ఇంటికొచ్చి చెప్పుకోడానికి ఏముంటుంది?"

"చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయండీ."

ఆయన విననట్టే మంచినీళ్లు తాగాడు. గ్లాసు బోర్లించాడు.

"నువ్వు వెళ్లు. ఆట మొదలవుతుంది. నేనుంటాను."

కుర్చీ లాక్కుని, ఎప్పటిలాగే లోపలి గది గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె కాసేపు ఆయన వీపు వైపే చూస్తూ నిలబడింది. రంగు మరకల చొక్కా కింద ఆ భుజాలు కదలడం లేదు. దగ్గరకు వెళ్లి వాటి మీద చెయ్యి వేయాలనుకుంది. వేయలేకపోయింది.

గట్టు మీది టికెట్టు తీసుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా నడిచింది.

వానాకాలంలో పాప పోయినప్పటి నుంచి ఖాళీగా ఉన్న ఆ మంచానికి ఎక్కడ నిద్రాభంగమవుతుందో అన్నట్టు, తలుపు మెల్లగా దగ్గరకు వేసి ఆమె వెళ్లిపోయింది.