కళ్లద్దాల పొట్టేలు

అశ్రిత ఫోన్‌లో మళ్లీ "ఎడ్వర్డ్ సార్" అంది.

బాలేష్ నోట్లో ఉన్న మిర్చి బజ్జీ అక్కడికక్కడే చేదెక్కింది.

"మస్తు చెప్తడు బావా. పెండ్లికి ముందు ఇద్దరం రక్తపరీక్ష చేయించుకోవాల్నంట. ఇష్టం లేకుంటే లేదని మొగం మీద చెప్పొచ్చంట."

"ఎవలికి చెప్పాల్నంట?"

"ఎవలికైనా. నీకు గూడ."

బాలేష్ ఒంట్లోంచి వచ్చిన సెగకు పక్కనున్న శామీర్‌పేట చెరువు జానెడు ఇంకిపోయింది.

వాళ్లిద్దరి పెళ్లి శ్రావణంలో. అశ్రిత మేడ్చల్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఎడ్వర్డ్ ప్రతి శనివారం ఆ కాలేజీకి వచ్చి ఒంటి గురించి, రోగాల గురించి, ప్రేమ గురించి, పెళ్లి గురించి మాట్లాడి వెళ్తాడు.

బాలేష్ ఒకసారి గేటు బయట నిలబడి అతన్ని చూశాడు. పాత స్కూటరు. బట్టతల మొదలైంది.

అదే బాలేష్‌ను ఇంకా కాల్చింది. అందం లేకుండానే ఆడపిల్లల్ని అంత నవ్విస్తున్నాడంటే వాడు చాలా ప్రమాదకరమైన మనిషే.

ఈ బాధ చెప్పుకోవడానికి బాలేష్‌కు లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాట్సాప్ అన్న.

పెళ్లి కుదిరిన కొత్తలో బాలేష్ బస్టాండు గోడ మీద ఒక వైద్యుడి ప్రకటన చదివాడు. బ్యాచిలర్ రూములో ఉన్నప్పటి అలవాటు వల్ల ఇక సంసారానికి పనికిరానని తేల్చుకున్నాడు. అదే గోడ మీద ఇంకో కాగితం ఉంది. యువకుల సందేహాలకు ఒక వాట్సాప్ నంబరు. పేరు చెప్పక్కర్లేదు.

ఆ రాత్రే ఆ నంబరుకు రాసి అడిగాడు.

"ఆ అలవాటు అందరికుండేదే తమ్ముడు. నీకేం కాలే. గోడలు చదువుడు బంద్ జెయ్యి" అని జవాబొచ్చింది.

ఆ రోజు బాలేష్ బతికి బయటపడ్డవాడిలా బిర్యానీ తిన్నాడు. అప్పటినుంచి అన్నీ అన్నకే చెప్పుకుంటున్నాడు, పేరు మాత్రం చెప్పకుండా. తన ఫోటోకు బదులు తన పొట్టేలు సుల్తాన్ ఫోటో పెట్టుకున్నాడు. సుల్తాన్‌కు నల్ల కళ్లద్దాలు. జిల్లా మొత్తంలో కళ్లద్దాలు లేకుండా బయటికి రాని పొట్టేలు అదొక్కటే.

"అన్నా, మా పిల్ల ఒకన్ని సార్ సార్ అంటాంది. నా కడుపు మండుతాంది. వాని కాళ్లు ఇరగ్గొట్టాల్నా?"

"వద్దు తమ్ముడు. కాళ్లు ఆయనకు అక్కరకొస్తయి. నీకు భయమైతాందని ఆమెకే చెప్పు. ఆమె ఫోన్ మాత్రం ముట్టకు."

బాలేష్ అన్న మాటకు విలువిచ్చాడు. ఆమె ఫోన్ ముట్టలేదు. కాళ్లూ విరగ్గొట్టలేదు.

నేరుగా పెద్దబాపు లచ్చయ్య దగ్గరికి వెళ్లాడు. బహదూర్‌పల్లి దాకా ప్లాట్లు అమ్మే లచ్చయ్య, కాలేజీ కమిటీకి పెద్ద. ఆయన దగ్గితే ప్రిన్సిపాల్‌కు జలుబు చేస్తుంది.

"పెద్దబాపూ, మన కాలేజీల ఒకడు ఆడపిల్లలకు గలీజు మాటలు నేర్పుతాండు."

శనివారం అశ్రిత, మిగతా పిల్లలు బస్సెక్కి వెళ్లిపోయాక కాలేజీ గేటు దగ్గర జనం పోగయ్యారు. బలగం పెద్దదిగా కనబడాలని బాలేష్ సుల్తాన్‌ను కూడా ట్రాలీ ఆటోలో తెచ్చాడు.

ఎడ్వర్డ్ స్కూటరు తోసుకుంటూ బయటికొచ్చాడు.

"ఏందిర, మా పిల్లలకు ఏం నేర్పుతున్నవ్?" అన్నాడు లచ్చయ్య.

"భయపడకుండ అడుగుడు నేర్పుతున్న సార్."

"మా ఇండ్లల్ల పోరగాండ్లు గిసొంటియి అడుగుతరా? అడిగినోడు ఎవడన్న ఉంటే ఒక్కని పేరు చెప్పు. నీ క్లాసు నువ్వు నడుపుకో. లేకుంటే ఇగ గీ దిక్కు రాకు."

ఎడ్వర్డ్ ఏదో చెప్పబోయి ఆగాడు. ట్రాలీలో సుల్తాన్ కనబడింది.

దాని వంక చూశాడు. తర్వాత దాని తాడు పట్టుకున్న బాలేష్ వంక చూశాడు.

బాలేష్ మీసం తిప్పాడు.

"పేరు చెప్పు!"

"అడిగినోళ్ల పేర్లు బయట పెట్టం సార్. గట్ల జేస్తే రేపు ఇంకొకడు అడగడు."

"ఉంటే గద చెప్పనీకి! ఒక్కడు గూడ లేడు!" అందరికంటే గట్టిగా బాలేష్ అరిచాడు.

ఎడ్వర్డ్ తల ఊపాడు. వెళ్తూ వెళ్తూ సుల్తాన్ ముక్కు మీద జారిన కళ్లద్దాలు పైకి సర్దాడు.

వారం తర్వాత అశ్రిత ఫోన్ చేసింది. గొంతులో నవ్వు లేదు.

"సార్ ఇగ రాడంట బావా. ఎవడో కుళ్లుబోతోడు కంప్లైంట్ ఇచ్చిండంట."

"ఎవడంట?"

"తెల్వది. తెలిస్తే వాని మొగం సచ్చినా చూడ. బావా, వింటున్నవా?"

"సిగ్నల్ లేదు" అన్నాడు బాలేష్. సెల్ టవర్ సరిగ్గా అతని నెత్తి మీదే ఉంది.

ఫోన్ పెట్టేసి వాట్సాప్ తెరిచాడు.

"అన్నా, కుళ్లుతోని పెద్ద తప్పు జేసిన. ఆమెకు చెప్పాల్నా? చెప్తే పెండ్లి ఉంటదా?"

జవాబు వెంటనే రాలేదు. ఎప్పుడూ వెంటనే వచ్చేది.

చాలాసేపటికి మెసేజ్ వచ్చింది.

"నమస్తే. నా పేరు క్రిస్టీనా. ఇగ నుంచి మీతోని నేను మాట్లాడ్త. గిన్ని దినాలు మాట్లాడింది ఎడ్వర్డ్ అన్న. మేడ్చల్‌ల క్లాసు బందయినంక ఆయనను వేరే జిల్లాకు పంపిన్రు."

బాలేష్ ఆ పేరును మళ్లీ చదివాడు. ఫోన్ సుల్తానంత బరువెక్కింది.

కింద ఇంకో మెసేజ్ వచ్చింది.

"పోయేటప్పుడు మీ గురించి ఒక్క మాట చెప్పి పోయిండు: కళ్లద్దాల పొట్టేలు ఫోటో తమ్ముడు మంచోడే, ఊకె భయపడ్తడు, జర ఓపికతోని మాట్లాడు అని."