చూసినవారి సంఖ్య

"మూత తీశారు, మరి పెట్టలేదేం మామయ్యా?"

మేనకోడలు కంప్యూటరు తెర మీద వేలుపెట్టి చూపించింది. వాచీల మెకానిక్ కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని వంగి చూశాడు. నలభై ఏళ్లు వెంట్రుకంత స్ప్రింగులతో కుస్తీపట్టిన మనిషి. పోయిన ఏడాది దుకాణం మూసేశాక చేతులు ఊరుకోక, శుభ్రంగా నడుస్తున్న గోడ గడియారాన్ని రెండుసార్లు విప్పి బిగించాడు. మూడోసారికి అది నిలిచిపోయింది. ఆ రోజే భార్య మేనకోడలికి ఫోను చేసింది.

"మీ మామయ్యకి నీ విద్య ఏదన్నా నేర్పవే తల్లీ. లేకపోతే ఇంట్లో ఒక్క వస్తువు నాకు మిగలదు."

మేనకోడలి విద్య వెబ్ పేజీలు తయారుచేయడం. కొత్తవాళ్లకు అదే పాఠం చెబుతుంది. అలా ఆదివారాలు మొదలయ్యాయి.

"మాటకి ముందొక గుర్తు, వెనకొక గుర్తు. వీటినే ట్యాగులంటారు. మొదటిది మూత తీయడం, రెండోది మూత పెట్టడం. మీరు పెట్టలేదు కాబట్టి కిందున్నదంతా లావు అక్షరాలైపోయింది, చూడండి."

"తీసినవాడు పెట్టాలి. అంతేగా? మా పనిలోనూ అదే ధర్మం."

"బీరువా తలుపు తీసి ఏనాడన్నా మూశారా?" వంటింట్లోంచి భార్య గొంతు.

ఆయన వినపడనట్టు కీబోర్డు మీదకి వంగాడు.

రెండో ఆదివారానికి, పేజీ అల్లే మూడు భాషల గురించి ఆయనే మేనకోడలికి వివరించడం మొదలుపెట్టాడు. "అంటే హెచ్.టి.ఎం.ఎల్. వాచీ డబ్బా. సి.ఎస్.ఎస్. డయలూ, పట్టీ, పైమెరుగులూ. ఆ మూడోది, జావాస్క్రిప్టు, లోపలి చక్రాలు. ముల్లు కదిలిందంటే దాని పుణ్యమే."

"భలే చెప్పారు మామయ్యా! రేపు క్లాసులో నా మాటగా చెప్పుకుంటాను."

మూడో వారానికి పేజీ తయారైంది. రోజుకొక గడియారం కథ రాయాలని ఆయన ఆలోచన. అడుగున 'చూసినవారు' అని ఒక అంకె పెట్టింది మేనకోడలు. పేజీ తెరిచినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది. తెల్లవారితే మళ్లీ సున్నా.

"ఇదెందుకే దండగ?" అంది భార్య. "ఎవరు చూస్తారని?"

"ప్రపంచం చూస్తుంది," అన్నాడు ఆయన.

"ప్రపంచానికి వేరే పనుండదా?"

ఆ వారమే మేనకోడలు ఆఫీసు పనిమీద నెలరోజులు వేరే ఊరు వెళ్లాల్సొచ్చింది. పేజీని నెట్‌లోకి ఎక్కించే ఆఖరి పాఠం ఫోనులోనే చెప్పింది. సగం మాటలు కుక్కరు కూతలో కలిసిపోయాయి. మళ్లీ అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు. "తెలిసిందిలే," అని పెట్టేశాడు.

రోజూ పొద్దున్నే కథ రాసి భద్రపరచి, లైబ్రరీకి వెళ్లిపోయేవాడు. సాయంత్రం రాగానే చెప్పులు కూడా విడవకుండా పేజీ తెరిచేవాడు. మొదటిరోజు నాలుగు. మర్నాడు ఆరు.

"ఆరుగురు!"

"పాపం, దారితప్పి వచ్చుంటారు," అంది భార్య.

అలారం గడియారానికి నూనె వేసే పద్ధతి రాసిన రోజు రెండే. ఆయనకు అన్నం సయించలేదు. తాత వాచీని గుండెకు అదుముకుని దుకాణానికొచ్చిన పసిపిల్ల గురించి రాస్తే పద్నాలుగు. దాంతో ఆయనకు కిటుకు దొరికింది. జనానికి కావలసింది గడియారాలు కాదు, అవి కట్టుకున్న మనుషులు.

కథలు మొదలుపెట్టిన నాలుగోవారం, ఎవరికీ చెప్పని కథ ఒకటి రాశాడు. ముప్పై ఆరేళ్ల కిందట ఒకమ్మాయి ఆగిపోయిన వాచీ తెచ్చింది. దానికి ఏ రోగమూ లేదు, కీ ఇవ్వలేదంతే. ఆ మాట చెబితే అమ్మాయి వెళ్లిపోతుంది. అందుకని చక్రం అరిగిపోయిందన్నాడు. కొత్త చక్రం రావాలన్నాడు. మూడుసార్లు తిప్పించుకున్నాడు. నాలుగోసారి ఆ అమ్మాయి, వాళ్ల నాన్నతో కలిసి వచ్చింది. సంబంధం కుదిరింది. 'చక్రం సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలియదు. చెబితే ఈ వయసులో కూడా చీపురు తిరగేస్తుంది' అని ముగించాడు.

ఆ సాయంత్రం అంకె చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముప్పై ఒకటి.

"ముప్పై ఒక్కమంది! నేను చెప్పలా, ప్రపంచం చూస్తుందని?"

భార్య అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. ఒక్క ఎత్తిపొడుపూ లేకపోయేసరికి ఆయనకు కంగారు పుట్టింది.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ముందు తినండి."

మర్నాడు ఆదివారం. పనయి ఊరినుంచి తిరిగొచ్చిన మేనకోడలు ఇంట్లోకి వస్తూనే ఫోను పట్టుకుని కూర్చుంది. "ఎంత వెతికినా నాకు మీ పేజీ దొరకడం లేదేంటి మామయ్యా?"

ఆయన గర్వంగా కంప్యూటరు ముందుకి లాక్కెళ్లాడు. మేనకోడలు తెర పైభాగాన ఉన్న అడ్రసు చదివింది. పెదవి కొరుక్కుంది.

"మామయ్యా, మీరు ఏమీ అనుకోకూడదు."

"చెప్పు."

"ఇది నెట్‌లోకి ఎక్కనే లేదు. ఈ కంప్యూటర్లోనే ఉంది. ఇక్కడ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తెరుచుకోదు."

ఆయన నెలరోజుల ప్రపంచం ఒక్క ముక్కతో చేజారిపోయింది. ఎక్కడో దూరదేశాల్లో కూర్చుని తన కథలు చదువుతున్నారనుకున్న వాళ్లందరూ ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతున్నట్టనిపించింది.

"ఐదు నిమిషాల పని మామయ్యా, ఇప్పుడే ఎక్కించేస్తాను," అంది మేనకోడలు.

"అది కాదే," అన్నాడు ఆయన నీరసంగా. "నేను సాయంత్రం ఒక్కసారేగా తెరుస్తాను. మరి నిన్నటి ముప్పై ఒకటి?"

"ముప్పై," అంది వంటింట్లోంచి భార్య, "ఒకటి మీరు చూసిందేగా!"