బ్యారను కిటికీ తాడు

మిరపచేలో చాటుగా పెంచిన గంజాయిని కోసి, మా బాబాయి పొగాకు ఆరబెట్టే పాత బ్యారనులో వేలాడదీశాడు. ఆ రోజు నుంచే ముసురు పట్టింది. రాత్రుళ్ళు పొయ్యి ఆరకుండా చూడమని నన్ను బడి మాన్పించి అక్కడ కూర్చోబెట్టాడు. ఆ సరుకు చెడితేనే నేను మళ్ళీ పదో తరగతికి వెళ్ళేది.

తడిగాలి సోకితే మొగ్గలకు బూజు పడుతుంది. అందుకని బాబాయి పైకిటికీ మూసి, లాగితే అది తెరుచుకునే తాడును నాకు అందకుండా దూలానికి చుట్టేసి, నిచ్చెన పట్టుకుపోతాడు. అయినా తెల్లారేసరికి కిటికీ తెరిచే ఉంటోంది.

"ఎవరే తీసింది?" అని నిన్న చెయ్యెత్తాడు.

"నేనే."

"నిచ్చెన లేకుండా ఎట్టా అందిందే నీకు?"

"అందింది. కొడతావా బాబాయ్? కొట్టు."

కొట్టలేదు. దూలం వైపు చూసి వెళ్ళిపోయాడు.

నిజానికి నేను తియ్యలేదు. ఈ బ్యారనులోనే ఏళ్ళ తరబడి పొగాకు కర్రలకు అల్లి, ఆ ఘాటుకు పట్టిన దగ్గుతోనే పోయింది మా అమ్మ.

ఈ రాత్రి వాన ఆగింది గానీ తడిగాలి ఆగలేదు. పైన చీకట్లో ఎవరో దగ్గారు. నాకు తెలిసిన దగ్గే. తాడు మెల్లగా కిందికి దిగి నా ముఖం ముందు ఆగింది.

రెండు చేతులా పట్టుకుని లాగాను.