స్పీకర్ కింది సీటు

"హలో... హలో... మైక్ టెస్టింగ్! వన్, టూ, త్రీ!"

పైలట్ల సామాన్లు అమ్మే ఆ చిన్న షాపులో అంత గట్టిగా ఎవరూ మాట్లాడి ఉండరు. కౌంటర్లో ఉన్న కేరళ అమ్మాయి ఫెబి నవ్వు ఆపుకోలేక కంప్యూటర్ చాటుకు తల దించుకుంది.

"నాన్నా, అది హెడ్‌సెట్. మెల్లిగా మాట్లాడినా వినపడుద్ది," అన్నాడు జగన్.

"రేపల్లెలో నలభై ఏళ్ళు మైక్ సెట్ నడిపినోడికి నువ్వు చెప్తావేందిరా?" పున్నయ్య హెడ్‌సెట్ తీసి కొడుకు చేతిలో పెట్టాడు. "ఇది ముక్కుతో మాట్లాడతంది. ఇంకోటి ఇమ్మను."

జగన్ కో-పైలట్. శిక్షణ అంతా కంపెనీ ఇచ్చిన హెడ్‌సెట్‌తోనే లాక్కొచ్చాడు. అది రెండు గంటలకే చెవులు పిండేస్తుంది. సొంతంగా మంచిది కొనుక్కుందామని ఐర్లండ్‌లో తాముండే ములింగార్ నుంచి డబ్లిన్ దాకా, తండ్రినీ భార్యనూ ఎక్కించుకుని వానలో కారు నడుపుకుంటూ వచ్చాడు. బుధవారం అతను వెళ్ళే ఎడిన్‌బరా విమానంలో భార్య చరిత, తండ్రి ప్రయాణికులు. శుక్రవారం పున్నయ్య ఇండియా వెళ్ళిపోతాడు, వీసా గడువు ఆ వారంతో సరి. కొడుకు నడిపే విమానం ఎక్కడానికి ఆయనకు ఉన్నది ఆ ఒక్క రోజే. ఆ రోజు ఏ లోటూ రాకూడదని జగన్‌కు ఒకటే ఆరాటం.

"ఇది తీసుకుందామనుకుంటున్నా నాన్నా. మూడు వారాలు రివ్యూలు చదివా. దూదిలా ఉంటది. బయటి మోతంతా అదే ఆపేస్తది."

"చెవుల సంగతి ఎవరడిగార్రా? మైకు సంగతి చెప్పు."

"మైకు ఏదైనా ఒకటే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పున్నయ్యకు రోషం పొడుచుకొచ్చింది.

"ఏదైనా ఒకటేనా? పెళ్ళిపందిట్లో పంతులుగారి మంత్రం కప్పగొంతులా వినపడితే నా పరువేం కాను? సరే, పాసింజర్లతో మాట్లాడతావు గదా, దేన్లోంచి?"

"దీన్లోంచే."

"మరి!"

ఫెబి రెండు హెడ్‌సెట్లను ఒక పరీక్ష పెట్టెకు తగిలించింది. ఒకటి పున్నయ్యకు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంకోటి పెట్టుకుని జగన్ షాపు చివరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏం మాట్లాడను నాన్నా?"

"బుధవారం ఏం చెప్తావో అదే చెప్పు."

జగన్ సిగ్గుపడుతూనే ఇంగ్లీషులో ప్రయాణికులకు స్వాగతం చెప్పాడు. ఎడిన్‌బరాలో వాతావరణం కూడా చెప్పాడు.

"జలుబు చేసినోడిలా ఉన్నావు. మార్చు."

రెండోదానికి డబ్బాలో గులకరాళ్ళన్నాడు. మూడోది, జగన్ మనసుపడ్డ ఆ దూదిలాంటిది. "గొంతు బానే ఉంది గానీ, అది నీది కాదు," అని తేల్చేశాడు. నాలుగోది నోరు తెరవకముందే తిరిగొచ్చింది. మైకు పుల్ల వదులుగా ఉందట.

"మావయ్యా, ఆయన చెవులకు కూడా నచ్చాలి కదా," అంది చరిత నవ్వుతూ.

"వాడి చెవులకేం? మా ఆవిడ మెలిపెట్టీ మెలిపెట్టీ గట్టిపడే ఉంటాయి."

ఐదోదాని వంతుకు పున్నయ్య కదలకుండా కూర్చుండిపోయాడు. జగన్ వాతావరణం చెప్పడం అయిపోయింది. ఆయన ఇంకా హెడ్‌సెట్‌ను రెండు చేతులా చెవులకు అదుముకునే ఉన్నాడు. ఏమైందోనని ఫెబి పెట్టె తీగలు సరిచూసింది.

"ఇదే. ఇది మావాడి గొంతే," అన్నాడాయన చివరికి.

జగన్‌కు నీరసం వచ్చింది. "పాత మోడల్ నాన్నా ఇది. బరువు. పైగా ఈ ముదురాకుపచ్చ రంగు ఒకటి!"

"రంగుతో నాకేం పని?"

చరిత భర్తను పక్కకు లాగింది. "తీసుకో. గంట ప్రయాణమేగా, ఓర్చుకో."

"చెవులు కందిపోతాయి చరితా!"

"నేను వెన్న రాస్తాలే. తీసుకో."

తీసుకున్నాడు. "గ్రాండ్ చాయిస్, అంకుల్!" అంటూ ఫెబి సంచి పున్నయ్య చేతికే ఇచ్చింది.

బుధవారం పొద్దున విమానంలో పున్నయ్య ఇంకో పేచీ పెట్టాడు.

"కిటికీ పక్కన నువ్వు కూచో అమ్మా. నాకు స్పీకర్ కింద సీటు కావాలి."

"అన్ని సీట్ల పైనా ఉంటుంది మావయ్యా."

"మన నెత్తిమీదది పనిచేస్తందో లేదో కనుక్కో."

చరిత మొహమాటపడుతూనే ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి అడిగింది. ఆవిడ నవ్వి, పనిచేస్తుందని భరోసా ఇచ్చింది. పున్నయ్య చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

విమానం మబ్బులు దాటాక స్పీకర్ గరగరలాడింది. జగన్ గొంతు వచ్చింది. స్వాగతం, ఎత్తు, వాతావరణం, అంతా ఇంగ్లీషులో. ఆ తర్వాత, కెప్టెన్‌ని ముందే అడిగిపెట్టుకున్న ఒక్క వాక్యం తెలుగులో:

"నాన్నా, నేను జగన్‌ని, మీ విమానం నడుపుతున్నాను."

పున్నయ్య చరిత చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

ఎడిన్‌బరాలో అందరూ దిగాక జగన్ కాక్‌పిట్ తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, భుజాల మీద మూడు బంగారు గీతలు, ఎర్రగా కందిన రెండు చెవులు. చరిత పకపకా నవ్వి ఫోన్ తీసింది.

"మావయ్యా, ఆయన పక్కన నిలబడండి, ఫొటో తీస్తాను."

"ఫొటోలు మీరుంచుకోండమ్మా. ఒరే జగనూ, ఆ తెలుగు ముక్క ఇంకోసారి చెప్పరా."

జగన్ తండ్రి చెయ్యి అందుకుని తన భుజం మీది గీతలపై ఆనించి, ఆ మాట మళ్ళీ చెప్పాడు.

పున్నయ్యకు చూపు పోయి ఏడేళ్ళయింది.