మూడో పాలడబ్బా

“ఇందులో చక్కెర ఉంది,” అంది అత్తగారు, నీలం డబ్బాని బల్ల అవతలికి నెట్టేస్తూ.

“అది పాలలో ఉండే చక్కెరే అత్తయ్యా. నా పాలలోనూ అదే ఉంటుంది,” అంది కోడలు.

“నీ పాలమీద ఇంత చిన్న అక్షరాలతో ఇన్ని పేర్లు రాసి లేవుగా!”

కోడలికి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. రెండేళ్లుగా ఆ ఇంట్లోకి ఏ ప్యాకెట్టు వచ్చినా అత్తగారు వెనక్కి తిప్పి, కళ్లజోడు సర్దుకుని చదవందే పొయ్యిదాకా పోనివ్వదు. మొన్న తెచ్చిన పసుపు డబ్బా ఏడాది దాటిన పిల్లలదని కనిపెట్టింది కూడా ఆవిడే. మందుల షాపతను నాలిక కరుచుకుని, దాని బదులు ఈ నీలం డబ్బా ఇచ్చాడు.

కోడలి ఒళ్లో ఉన్న ఏడునెలల పిల్ల ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. నోట్లో ఏం పెట్టినా కనుబొమలు ముడిచి, కాసేపు ఆలోచించి గానీ మింగదు. అందుకని ఇంట్లో దాన్ని జడ్జిగారంటారు.

“వయసు సరిపోవాలి, తారీఖు దాటకూడదు, అంతే. మిగతాదంతా ఏ కంపెనీదైనా ఇంచుమించు ఒకటేనన్నారు పిల్లల డాక్టరుగారు.”

“ఒకటే అయితే షాపులో అన్ని రంగుల డబ్బాలెందుకట?”

ఆపరేషన్ వచ్చే నెల పదిహేనున. ఆలోగా పాలు పూర్తిగా మాన్పించమన్నాడు సర్జను. ఒక్కసారిగా కాదు, నాలుగు రోజులకో పూట చొప్పున సీసాకి మార్చాలి. మొదటి పూటే ఇంకా కుదరలేదు. ఇప్పటికే ఒకసారి తారీఖు వెనక్కి జరిగింది. ఇంకోసారి జరిగితే తను పూచీ పడలేనని సర్జను మొహమాటం లేకుండా చెప్పాడు. అప్పుడు అత్తగారూ ఆ గదిలోనే ఉంది. విననట్టు గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది.

“దానికి ఏడాది నిండనీ. అప్పుడు చూద్దాం ఆపరేషన్ సంగతి,” అంది ఇప్పుడు.

“అంతవరకూ ఆగదని చెప్పారు కదమ్మా,” అన్నాడు కొడుకు, గుమ్మం దగ్గర బూట్ల తాళ్లు కట్టుకుంటూ. లిఫ్టులు బాగుచేసే పని అతనిది.

“చెప్పేవాళ్లకేం? వాళ్లొచ్చి పడతారా దీనికి పాలు? నీకు పద్దెనిమిది నెలలు ఇచ్చాన్రా నేను!”

“అందుకేగా నీ మొండితనమంతా నాకొచ్చింది!”

నవ్వుతూనే బయల్దేరాడు. మెట్లు దిగుతుంటే ఆ నవ్వు లేదు.

మూడో డబ్బా, ఆకుపచ్చది, కోడలే వెళ్లి తెచ్చుకుంది. నీళ్లు మరిగించి, గోరువెచ్చగా చల్లార్చి, చెంచామీద ఎక్కువైన పొడిని చాకుతో సమంగా గీసి కలిపింది. మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకుంది. పది గంటలకి పిల్ల సీసా పీకని నాలుకతో తోసేసింది. రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే.

“చూశావా, దానికి ఇష్టం లేదు,” అంది అత్తగారు. ఆ గొంతులో సంతోషం వినిపించి కోడలి మనసు చివుక్కుమంది.

నాలుగోరోజు బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లిన కోడలు, క్లిప్పులు మరిచిపోయి వెంటనే దిగొచ్చింది. వంటింట్లో అత్తగారు మెదిపిన అరటిపండు పిల్లకి పెడుతోంది. గిన్నె దాదాపు ఖాళీ అయింది. పది కావడానికి ఇంకా పావుగంట ఉంది.

“రోజూ పెడుతున్నారా?”

అత్తగారు గిన్నె అడుగున మిగిలింది చెంచాకెత్తింది.

“కడుపు నిండాక సీసా ఎలా తాగుతుంది అత్తయ్యా?”

“తాగకూడదనే పెట్టాను. అది సీసాకి అలవాటు పడకపోతే ఆపరేషన్ ఆగుతుంది.”

కోడలు గుమ్మం పట్టుకుని నిలబడింది.

“ఆగితే ఏమవుతుందో మీకు తెలీదా?”

“తెలుసు.”

“తెలిసే చేశారా?”

“తెలిసే. చంటిదాని నోటి దగ్గర పాలు లాగేసుకుని బతకడం కూడా ఒక బతుకేనా?”

కోడలు వచ్చి గిన్నె పక్కకి జరిపింది. పిల్ల మూతి తుడిచి, భుజాన వేసుకుంది.

“బతుకే,” అంది. “నాకు ఆ బతుకే కావాలి. దీనికీ అదే కావాలి. మీరు అడిగారా దీన్ని?”

మర్నాడు పదింటికి పాలు కలిపి, సీసాని తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.

“తల్లి వాసన తగిలితే పిల్లలు సీసా ముట్టరట. ఇంకెవరైనా పట్టి చూడమన్నారు డాక్టరుగారు. మీరు పట్టండి.”

“నేనా?”

“మీరే. అరటిపండు లేకుండా. అప్పుడూ తాగనంటే నేనే ఆసుపత్రికి ఫోన్ చేసి తారీఖు వద్దనేస్తాను.”

తలుపు దగ్గరగా వేసి, బయట మెట్టుమీద కూర్చుంది. లోపల పిల్ల ఒకసారి ఏడ్చింది. ఆగింది. మళ్లీ ఏడ్చింది. లేవబోయి, మెట్టు అంచుని గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయింది కోడలు. సీసాని కొద్దిగా పక్కకి తిప్పి పట్టినా చాలు, పిల్ల తాగదు. లోపల ఎవరూ చూడటం లేదు.

కాసేపటికి చప్పుడు మారింది. సీసాలోకి గాలి బుడగలు ఎక్కుతున్న చప్పుడు.

“మెల్లిగా తల్లీ, మెల్లిగా,” అంటోంది అత్తగారు. “నీదేలే. అంతా నీదే.”

కోడలు పమిటతో మొహం కప్పుకుంది.

ఆ సాయంత్రం కొడుకు ఆసుపత్రి కాగితాలు తెచ్చి బల్లమీద పరిచాడు. భార్య వైపు చూశాడు. ఆమె తలూపింది. తల్లి వైపు చూశాడు.

“రాయి,” అంది ఆవిడ, మనవరాలి వీపు నిమురుతూ. “తప్పుల్లేకుండా రాయి.”

అతను కలం తీసి, ‘రోగి’ అన్నచోట తల్లి పేరు, ‘కిడ్నీ దాత’ అన్నచోట భార్య పేరు రాశాడు.